ఉట్టి కట్టడానికి చోటు

మా ఊరు కళుగుమలైకి చుట్టాలెవరు వచ్చినా మురుగన్ దర్శనం అయిన తరువాత కొండ మీదికి తీసుకొని వెళ్లి వెట్టువాన్ కోయిల్ చూపించడం మా యింటి ఆనవాయితీ. పాండ్యుల కాలంలో, 8వ శతాబ్దంలో, ఒకే బండను పైనుంచి కిందికి తొలిచి చేసిన గుడి అది. శిఖరమూ దాని మీది బొమ్మలూ నిన్న మొన్న చెక్కినట్లుంటాయి. కింది భాగం మటుకు పూర్తి కాకుండా బండలోనే నిలిచిపోయింది. మొన్న సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు దాన్ని అటూ ఇటూ నిలిచి చూసి, "మామయ్యా, కట్టే గుడికి రాయి తక్కువైతే ఇంకో బండెడు తెప్పించుకోవచ్చు. తొలిచే గుడికి ఉలి పట్టకముందే బండ సంగతంతా తెలుసుకొని ఉండాలి గదా!" అన్నాడు.

వాడు మామూలుగా అన్న మాటే. కాని మాకు 2024లో మా ఆఫీసులో జరిగిన సంగతి ఒకటి గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. ఈ శీర్షికలో ఇతరుల పొరపాట్లు చాలా వ్రాశాము. ఈ నెల మా పొరపాటు ఒకటి వ్రాసుకోవడం న్యాయం.

మేము రోజూ బస్సెక్కి పోయి గుమాస్తా పని చేసి వచ్చేది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పేరు ఎందుకు లెండి. అక్కడ మూత్రపిండాలు చెడినవారికి రక్తశుద్ధి చేసే విభాగం ఉన్నది. డయాలిసిస్ అంటే ఈనాడు అందరికీ తెలిసిన మాటే. వారానికి రెండు మూడుసార్లు రావలసిన రోగులు వాళ్లు. ఒక పూట తప్పితే ఆయాసం, రెండు పూటలు తప్పితే ప్రాణభయం. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో మన దక్షిణ జిల్లాలను ముంచెత్తిన వాన పాఠకులు మరచి ఉండరు. తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టినంలో ఒక్క దినంలో సుమారు 95 సెంటీమీటర్లు కురిసింది. ఆ రెండు రోజులూ మా ఆసుపత్రిలో రెండే టెలిఫోను లైన్లు. "ఈ పూట రావచ్చునా? దారి ఉన్నదా?" అని అడగడానికి ఊళ్ల నుంచి రోగులు పిలుస్తూనే ఉన్నారు. వాళ్లకు వినబడింది లైను ఖాళీ లేదన్న కూత ఒక్కటే.

వాన వెలిసిన తరువాత యాజమాన్యంవారు ఒక మంచి నిర్ణయం చేశారు. ఆరుగురు కూర్చొని పిలుపులు అందుకొనే ఏర్పాటు ఒకటి పెట్టాలని. కాంటాక్ట్ సెంటర్ అంటారు దీన్ని. పిలుపు రాగానే కంప్యూటరే ఎత్తి, వరుసలో నిలిపి, ఖాళీగా ఉన్న మనిషికి అందిస్తుంది. మనవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. 2005లో హైదరాబాదులో మొదలై 2008లో మన తమిళనాడుకు వచ్చిన 108 అంబులెన్సు సేవ వెనుక ఉన్నదీ ఇటువంటి ఏర్పాటే. అది సముద్రం, మాది దోసెడు నీళ్లు, అంతే తేడా.

ఈ సాఫ్టువేరుకు ప్రత్యేకంగా ఒక కంప్యూటరు కొనవలసిన పని లేదనీ, ఆసుపత్రిలో ఉన్న పెద్ద సర్వరులోనే ఒక వర్చువల్ మెషీన్ చేసి అందులో పెడతామనీ కంపెనీ కుర్రవాడు చెప్పాడు. ఈ మాటకు అర్థం మేమూ అప్పుడే నేర్చుకొన్నాము. ఒక పెద్ద ఇల్లు ఉన్నది. అందులో నాలుగు కాపురాలు. ఎవరి పొయ్యి వారిది, ఎవరి తాళం వారిది. ఎవరికి వారే ఇది మన సొంత ఇల్లు అనుకొంటూ ఉంటారు. పెద్ద కంప్యూటరును ఇట్లా వాటాలు వేసి, ప్రతి వాటా ఒక విడి యంత్రంలాగా నడిచేటట్లు చేయడమే ఆ విద్య. ఐ.బి.ఎం. కంపెనీ 1972లోనే వి.ఎం./370 అనే పేరుతో దీన్ని బజారులో పెట్టింది. 1998లో పుట్టిన వి.ఎం.వేర్ వంటి కంపెనీలు మామూలు సర్వర్లకు కూడా అలవాటు చేశాయి. వాటాలు పంచే యజమాని ప్రోగ్రామును హైపర్‌వైజర్ అంటారు.

కొత్త కాపురం దిగే ముందు దానికి ఏమేమి కావాలో కంపెనీవారు ఒక పట్టిక ఇస్తారు. ప్రాసెసర్లు 4, మెమరీ 16 గిగాబైట్లు, డిస్కు 150 గిగాబైట్లు, హైపర్‌వైజర్ ఫలానా వెర్షను, ఇట్లా రెండు పేజీలు. అవన్నీ ఉన్నవని చూచి, ప్రతి దానికీ గుర్తు పెట్టి, చివర ఆసుపత్రి తరపున ఒకరు సంతకం చేయాలి. మా మేనేజరుగారు, "ఇంగ్లీషు చక్కగా చదువుతారు, చేతివ్రాత ముత్యాలు, మీరే చూడండి" అని ఆ కాగితం మా బల్ల మీద పెట్టారు. మెట్రిక్యులేషనుతో ఆగిపోయిన మాకు ఆ మాట కొంచెం తలకెక్కింది.

కుర్రవాడు తెర మీద చూపించాడు. ప్రాసెసర్లు 4 అని ఉన్నది, గుర్తు పెట్టాము. మెమరీ 16 అని ఉన్నది, గుర్తు పెట్టాము. "రిజర్వేషన్" అని ఒక గడి వచ్చింది. పట్టికలో అక్కడ కూడా 16 ఉన్నది, తెర మీద సున్న ఉన్నది. ఇదేమిటని అడిగాము. "అది ఏమీ కాదు సార్, పైన 16 ఉన్నది గదా, సరిపోతుంది" అన్నాడు. సాయంకాలం అయిదున్నర. కళుగుమలై బస్సు వేళ. సంతకం పెట్టేశాము.

మొదటి మూడు రోజులు చక్కగా నడిచింది. నాలుగవ రోజు సోమవారం. సోమవారం పదిగంటలకు మా ఆసుపత్రి తిరుణాళ్లలాగా ఉంటుంది. బిల్లులు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, మందుల అంగడి అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. అదే ఉదయం డయాలిసిస్ విభాగంలో నీటిని శుద్ధి చేసే యంత్రం చెడిపోయింది. ఒక్క రోగికి నాలుగు గంటల శుద్ధిలో సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. నీరు లేకపోతే పని లేదు. వచ్చే రోగులకు ఫోను చేసి, ఇవాళ రావద్దనీ, మరునాడు రమ్మనీ చెప్పడం మొదలు పెట్టారు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒక పెద్దాయన బస్సు దిగి, మనుమరాలి భుజం పట్టుకొని ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. మన తెలుగువాడే. మమ్మల్ని గుర్తుపట్టి, "అబ్బాయీ, రమ్మన్నారు గదా, వచ్చినాను" అన్నాడు.

రమ్మనలేదు. ఇక్కడి నుంచి అమ్మాయి అరవంలో "ఇన్నిక్కి వర వేండాం" అని చెప్పింది. ఆ క్షణంలో మాట తెగింది. అవతల పెద్దాయనకు వినబడింది "వర వే" అని, దాని తరువాత చివర "మ్" అని. వేండాం అంటే వద్దు, వేండుం అంటే కావాలి. అరవదేశంలో తరతరాలుగా ఉంటున్న మనకు ఈ రెండు మాటలకు మధ్య ఎంత సన్నని గోడ ఉన్నదో తెలియనిది కాదు. ఆ గోడ మీద పెద్దాయన ఆయువు నిలిచిందన్నమాట. ఆయన్ను ఆంబులెన్సులో వేరొక ఊరి ఆసుపత్రికి పంపి శుద్ధి చేయించారు. గండం గడిచింది. అంబులెన్సు తలుపు వేసేటప్పుడు కూడా ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పైగా మా నాయన పేరు చెప్పి, ఆయన కొడుకువేనా అని మాత్రం అడిగాడు. అనివుంటే మాకు కొంత సుఖంగా ఉండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు పట్టికను మళ్లీ ముందు పెట్టుకొని, ఈసారి మా సాఫ్టువేరు వాటా ఒక్కటే కాకుండా ఇల్లంతా లెక్క వేశాము. గుమాస్తా పని గదా, కూడికలు వచ్చును. సర్వరులో ఉన్న మొత్తం మెమరీ 64. బిల్లుల యంత్రానికి ఇచ్చినది 24, ఎక్స్‌రే బొమ్మలకూ పరీక్షలకూ కలిపి 24, మందుల అంగడికి 8. అంటే 56. దాని మీద మన కొత్త కాపురానికి 16. మొత్తం 72! ఉన్నది 64, పంచినది 72. ప్రాసెసర్లు చూస్తే ఉన్నవి 16, వాగ్దానం చేసినవి 20. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదు అని మా అమ్మ అనేది. ఆ సామెత కంప్యూటరుకు కూడా వర్తిస్తుందని అప్పుడు తెలిసింది.

ఇందులో హైపర్‌వైజర్ మోసం ఏమీ లేదు. అందరూ ఒకేసారి మొత్తం వాడుకోరు గదా అన్న నమ్మకం మీద ఉన్నదానికంటె ఎక్కువ పంచడం దానికి అలవాటు. బిల్లుల పనికి అది చెల్లుతుంది. బిల్లు రెండు సెకనులు ఆలస్యంగా వస్తే ఎవరికీ ఏమీ కాదు. కాని మాట అట్లా కాదు. టెలిఫోను మాటను యంత్రం సాధారణంగా సెకనుకు 50 ముక్కలు చేసి పంపుతుంది. ఒక్కొక్క ముక్క 20 మిల్లీసెకనులు. మాట ఇటునుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకనులు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సమితి చెప్పింది. ప్రాసెసరు కోసం మన యంత్రం వరుసలో నిలిచి ఉంటే ఆ ముక్కలు ఆలస్యమవుతాయి. వేళ మించి వచ్చిన ముక్కను అవతలి యంత్రం పారవేస్తుంది. మెమరీ చాలకపోతే ఇంకా కష్టం. యజమాని ప్రోగ్రాము కొంత మెమరీని డిస్కు మీదికి దించుతుంది, డిస్కు మెమరీ ముందు ఎద్దుబండి. పారవేసిన ఆ ముక్కలలోనే "వేండాం" లోని నడిమి అక్షరం పోయింది.

రిజర్వేషన్ అనే గడికి అర్థం ఇదీ. 16 అని పైన వ్రాయడం మాట ఇవ్వడం. రిజర్వేషన్‌లో 16 అని వ్రాయడం కొలిచి మూటకట్టి పేరు వ్రాసి పక్కన పెట్టడం. దాన్ని ఇంకెవరూ ముట్టరు. అంతే కాదు, అట్లా పక్కన పెట్టడానికి సర్వరులో చోటు లేకపోతే, హైపర్‌వైజర్ ఆ యంత్రాన్ని అసలు లేవనివ్వదు. ఇది చెడ్డ సంగతిలాగా కనిపిస్తుంది గాని చాలా మంచి సంగతి. ఆదివారం సాయంకాలం ఎవరూ లేనప్పుడు లేవకపోతే మనకు పని. సోమవారం పదిగంటలకు తడబడితే రోగికి ప్రమాదం.

ఇక పట్టుకొంటే వదలని బుద్ధి మాది. మిగిలిన వరుసలు కూడా చూశాము. పాతది పడిపోతే ఎత్తుకోవడానికి రెండవ యంత్రం ఒకటి ఉండాలని పట్టికలో ఉన్నది. ఉన్నది కూడాను. ఎక్కడ? అదే సర్వరులో! ఒకే దూలానికి రెండు ఉట్లు కట్టినట్లు. ఒక ఉట్టి తెగితే రెండవది ఉంటుంది, నిజమే. దూలం విరిగితే? సంస్థాపన చేసిన రోజున తీసిన స్నాప్‌షాటు ఒకటి తీయకుండా వదిలివేశారు. యంత్రం ఆ క్షణంలో ఎట్లా ఉన్నదో నిలిపి ఉంచే నకలు అది. దాని వెనుక ఫైలు రోజు రోజూ పెరిగి డిస్కును నెమ్మది చేస్తుంది. నడుస్తున్న యంత్రానికి అది ఉండరాదని పట్టికలో స్పష్టంగానే ఉన్నది. మాటలు రికార్డు చేసే ఫైళ్లు కూడా ఆ 150 లోకే పోతున్నాయి. మామూలు టెలిఫోను నాణ్యతలో గంట మాటకు 28.8 మెగాబైట్లు. ఆరుగురు ఎనిమిది గంటలు ఎడతెగకుండా మాట్లాడితే రోజుకు సుమారు 1.4 గిగాబైట్లు. సాఫ్టువేరు తిన్నది పోగా మిగిలిన చోటు ఎన్నాళ్లు వస్తుంది?

మనుషుల లెక్క కూడా ఇందులోనిదే. ఆరుగురెందుకు, నలుగురు చాలుననే మాట అప్పుడే వచ్చింది. గంటకు 60 పిలుపులు, ఒక్కొక్కటి 4 నిమిషాలు, అంటే 240 నిమిషాల మాట, సరిగా నలుగురి గంట. చూడటానికి ఎంత ముచ్చటగా సరిపోయింది! కాని కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పని చేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1917 నాటికే ఈ భ్రమ తొలగించాడు. పిలుపులు వరుసగా, నిమిషానికి ఒకటి చొప్పున రావు. గుంపులుగా వస్తాయి. ఆయన సూత్రం ప్రకారం నలుగురే ఉంటే వరుస పెరుగుతూనే ఉంటుంది, తరగదు. అయిదుగురు ఉంటే సగానికి పైగా వేచి ఉండవలసిందే, సగటున రెండు నిమిషాలకు పైగా. ఆరుగురు ఉంటే సగటు సుమారు 34 సెకనులకు దిగుతుంది. ఒక్క మనిషి తేడా! సరిగ్గా సరిపోవడమే చాలకపోవడం అని ఆ లెక్క చెబుతున్నది. మనిషికైనా మెమరీకైనా కొంత మిగులు ఉండాలి.

ఇదంతా ఒక తెల్ల కాగితం మీద వ్రాసి, పైన "నేను పెట్టిన సంతకం తప్పు" అని మొదలు పెట్టి మేనేజరుగారికి ఇచ్చాము. చెయ్యి కొంచెం వణికిందని ఒప్పుకొంటాము. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు ఉన్నాయి. ఆయన చదివి కాసేపు ఊరుకొని, "72 అన్నది నిజమేనా?" అని మాత్రం అడిగారు. కూడి చూపించాము. కంపెనీవారిని పిలిపించారు. మా కుర్రవాడు మొదట కాదన్నాడు, తరువాత తల వంచుకొన్నాడు. వాణ్ని తప్పు పట్టలేము. వాడికీ ఆ సాయంకాలం మద్రాసు రైలు అందుకోవలసి ఉన్నది.

సర్వరుకు ఇంకో 64 మెమరీ కొన్నారు. ఎక్స్‌రే బొమ్మల యంత్రాన్ని వేరే సర్వరుకు మార్చారు. దానితో ప్రాసెసర్ల లెక్క 14కు దిగింది. రెండవ ఉట్టిని ఆ వేరే దూలానికి కట్టారు. రిజర్వేషన్ గడిలో 16 వ్రాశారు, స్నాప్‌షాటు తీసివేశారు, రికార్డులకు విడి డిస్కు ఇచ్చారు. ఆ మీదట ఒక ఆదివారం ఉత్తుత్తి పిలుపులు గంటకు 60 చొప్పున పంపుతూ, మరొక వైపు నెలాఖరు బిల్లుల లెక్క నడిపించి చూశాము. ఎవరూ లేని ఇంట్లో అన్ని కాపురాలూ సుఖమే. అందరూ ఒకేసారి పొయ్యి వెలిగించినప్పుడు చూడటమే పరీక్ష. అప్పుడు గాని రెండవసారి సంతకం పెట్టలేదు. ఆ రోజు ఆఖరు బస్సే అయింది.

మన కుటుంబాలలో చాలామంది పిల్లలు ఈనాడు మద్రాసులోనూ, బెంగుళూరులోనూ, హైదరాబాదులోనూ ఇటువంటి యంత్రాలు పెట్టే ఉద్యోగాలలో ఉన్నారు. మరికొందరు కోవిల్‌పట్టిలో, విరుదునగరంలో, శివకాశిలో సొంత వ్యాపారాలు నడుపుతూ ఇటువంటి కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. ఇరుపక్షాలకూ ఒకటే మనవి. మన వాటాకు ఎంత వ్రాశారని అడిగి ఊరుకోవద్దు. ఇల్లంతా ఎంత, మొత్తం ఎంత పంచారు, మనది పక్కన పెట్టారా లేదా, రెండవది ఏ దూలానికి కట్టారు అని అడగండి. అర్థం కాని గడి ఒక్కటి మిగిలినా బస్సు పోనివ్వండి.

పెద్దాయన ఇప్పటికీ వారానికి మూడుసార్లు వస్తున్నాడు. ఆసుపత్రిలో ఫోను చేసే అమ్మాయిలకు కూడా ఒక మాట మార్చి ఇచ్చారు. రావద్దు అని చెప్పవలసి వచ్చినప్పుడు "వర వేండాం" అనకుండా, "నాళైక్కి కాలైయిల్ ఆఱు మణిక్కి వాంగ", అంటే రేపు ఉదయం ఆరు గంటలకు రండి అని చెప్పాలి. విన్నవారు ఆ మాటనే తిరిగి చెప్పిన తరువాతే ఫోను పెట్టాలి. యంత్రం ఎంత బాగున్నా ఇది చేస్తున్నారు. పోయిన వారం పెద్దాయన మా బల్ల దగ్గర ఆగి, "ఇప్పుడు బాగా వినబడుతున్నది అబ్బాయీ. అయినా నేను రెండుమార్లు అడిగే పెడుతాను" అన్నాడు. అట్లాగే అడగమని చెప్పాము.